నల్లరంగు కింద ముగ్గు

జములమ్మ ఇంకా కారు దిగలేదు.

పొద్దున చాయ్ కూడా తాగకుండా ఎక్కి కూర్చుంది. ఇప్పుడు షెడ్డు రేకులు ఎండకు చిటపటమంటున్నాయి. కారంటే పేరుకే కారు. చక్రాలు ఊడదీసి ఇటుకల మీద నిలబెట్టారు. సీట్లు తీసి బయట గోనెపట్టాల మీద వేశారు. ముందు సీటు ఉండాల్సిన చోట వంటింటి పీట వేసుకుని, ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డు చెక్కనే చూస్తూ కూర్చుంది ఆ ఇంటి ఇల్లాలు.

కోడలు అర్చన అన్నానికి పిలిచింది. కనీసం మజ్జిగైనా తాగమంది. ఏడో నెల కడుపుతో తలుపు పట్టుకుని నిలబడితే జాలిపడి దిగుతుందేమోనని కాసేపు నిలబడి చూసింది కూడా. జములమ్మ జాలిపడింది గానీ దిగలేదు. నువ్వు పోయి పండుకో బిడ్డా అని మాత్రం అంది.

ఇక సాయంత్రం దాకా ఆగడమే అనుకుంది అర్చన. సాయంత్రం చిన్నత్త సరోజ వస్తుంది. రెండు సందుల అవతల ఒక్కతే ఉంటుంది, జములమ్మ చెల్లెలు. అర్చనకు కడుపొచ్చినప్పటి నుంచి రోజూ ఏదో ఒక పుల్లటిది గిన్నెలో పెట్టుకుని వస్తోంది. అక్క ఎవరి మాటా వినకపోయినా ఆ చెల్లెలి మాట వింటుంది.

షెడ్డు బయట దేవరాజు బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు. పాత కార్లకు లోపలి పని చేసే మనిషి, వనపర్తి నుంచి పిలిపించారు. సీట్లు, తలుపుల అట్టలు, చెక్కల పాలిషు అన్నీ ఆయనే. మాటలకు కరువు లేదు. ఇంత మంచి విలాయతి చెక్క మీద వాకిలి తలుపుకు కొట్టే నల్లరంగు కొట్టిన మహానుభావుడు ఎవరని నిన్నంతా ఎగతాళి చేశాడు. ఆ మహానుభావుడు ఇంటి యజమాని ఈరన్నే అని తెలిశాక కూడా మానలేదు.

నిన్న సాయంత్రం ఆ రంగు చివరి పొర లేచింది. డ్రైవరు పక్క సీటు ఎదురుగా, చెక్క మీద, తలపిన్నుతో గీసిన ముగ్గు ఒకటి బయటపడింది. అప్పుడు మానేశాడు.

ముగ్గును ఇంట్లో అందరూ చూశారు. ఈరన్నా చూశాడు. ఈ పొద్దున దేవరాజును పిలిచి, దాన్ని గీకి, గీతలు పూడేలా లప్పం పెట్టి, సాపు చెయ్యమని చెప్పి పల్లీల మార్కెట్‌కు పోయాడు. ఆ మాట చెవిన పడ్డ తరువాతే జములమ్మ పీట తెచ్చుకుంది.

ఆ కారు గురించి ఇంట్లో ఉన్నది ఒక్కటే కథ. కొడుకు అరవింద్ పుట్టి పురుడు కూడా కాలేదు, జములమ్మ బాలింత గదిలో ఉంది. పెద్దపిల్ల తిమ్మక్కకు జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. మల్దకల్ తిమ్మప్పకు మొక్కితే పుట్టిన పిల్ల, ఏడేళ్ళది. ఈరన్న దాన్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఒక్కడే కర్నూలు దవాఖానకు బయలుదేరాడు. పిల్ల మళ్ళీ కళ్ళు తెరవలేదు. కర్నూలు రాకముందే ప్రాణం పోయింది.

ఇదీ కథ. చెప్పింది ఈరన్న. నెల తిరగకముందే ఎండకు చెక్క పగులుతోందని నల్లరంగు డబ్బా తెచ్చి ఆయనే పూశాడు. పిల్ల పోయిన ఇంట్లో కారు రంగు గురించి ఎవరు ఆలోచిస్తారు.

ఇన్నేళ్ళకు ఆ కారు జోలికి పోయింది అరవింద్. తాత రాజోలిబండ ఆనకట్ట ఇంజినీరు దగ్గర కొన్న కారు మూలన మగ్గుతోందని, దాన్ని మళ్ళీ నడిపించి, అర్చనను అందులోనే నాగర్‌కర్నూల్ పుట్టింటికి పురిటికి తీసుకుపోతానని ముచ్చటపడ్డాడు. మంచి ముచ్చటే. దాని అడుగున ఏముందో ఆ పిల్లవాడికేం తెలుసు.

అర్చనకు మనసొప్పక మళ్ళీ తలుపు దగ్గరికొచ్చింది. పిల్లలు ఎప్పుడు పడితే అప్పుడు గీకుతారు కదా, ఆ రోజే గీకిందని ఎందుకనుకోవాలి అని మెల్లగా అడిగింది.

"ఈ ముగ్గు దానికి నేను బాలింత మంచం మీదికెళ్లి నేర్పిన" అంది జములమ్మ. "తమ్మునికి పురుడు చేసిన దినం వాకిట్ల నేనే ఏస్త అని నేర్చుకున్నది. నేర్చుకున్న తెల్లారే జొరం. మల్ల అది ఈ కార్ల ఎప్పుడు కూసున్నది, నువ్వే చెప్పు."

అర్చన ఇంకాస్త లోపలికి వంగి చూసింది.

"ఇగో ఈడ సూడు. మూడో చుక్క కాడ గీత బయటికెళ్లి తిరగాలె. అది లోపలికి తిప్పుతది. ఎన్నిసార్లు చెప్పినా లోపలికే. తిప్పి, గీత ఇరుక్కుంటే నా మొఖం చూస్తది."

చెక్క మీద గీత మూడో చుక్క దగ్గర లోపలికి తిరిగి ఆగిపోయింది. దాని కింద ఇంకా గీతలున్నాయి గానీ నల్లరంగు గడ్డకట్టి ఏవీ తేలడం లేదు. జములమ్మ వేలు ఆ చుక్క దాకా పోయి, తాకకుండా వెనక్కు వచ్చింది.

ఆ రోజు పిల్ల వెంట పోవడానికి ఇంట్లో ఎవరూ లేరట. బాలింత పనులు చేసిపెట్టడానికి వచ్చిన సరోజ కూడా పొద్దున్నే మల్దకల్ బస్సెక్కి అమ్మగారింటికి పోయిందట. గడప దాటకూడని తను, పక్కలో పసివాడు. పిల్ల మెడలో వాము మూట కట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చుందట.

"వాము వాసన వస్తలేదా నీకు?" అని అడిగింది ఉన్నట్టుండి.

అర్చనకు రంగు తీసే స్పిరిట్ వాసన తప్ప ఏమీ రాలేదు. పైట ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఈరన్న వచ్చేసరికి రెండు దాటింది. అరవింద్ కూడా దుకాణం మూసి భోజనానికి వచ్చాడు. ఎవరూ కాళ్ళు కడుక్కోలేదు, కంచాలు వేయలేదు. కారు చుట్టూ నిలబడ్డారు. దేవరాజు తనకేమీ పట్టనట్టు డబ్బా మూతలు సర్దుతున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"బిడ్డ ఎనక సీట్ల పండుకున్నది అన్నవు" అంది జములమ్మ, మొగుడి వైపు తిరగకుండానే. "ఎనక పండుకున్న పిల్ల ముందర ముగ్గెట్ల ఏసింది?"

ఈరన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. కొంతసేపు పల్లీల ధర గురించి ఏదో అనబోయి మానుకున్నాడు. తరువాత, పిల్ల దారిలో కాస్త తేరుకుందని, ముందు కూర్చుంటానంటే కూర్చోబెట్టానని చెప్పాడు. లేచి కూర్చున్న పిల్ల పోయిందంటే బాలింతరాలు తట్టుకోలేదని, అందుకే కళ్ళు తెరవలేదని చెప్పానని అన్నాడు.

నమ్మదగ్గ మాటే. పెళ్ళాం మీద ప్రేమున్న ఏ మగవాడైనా చెప్పగల అబద్ధమే. అరవింద్ ఊపిరి పీల్చుకున్నాడు. జములమ్మ కూడా తలూపింది.

"కారు యాడ ఆగింది?"

"యాడ ఆగలే."

"ఆగింది. నడిచే బండిల గీత గిట్ల రాదు. గప్పుడు ఇటిక్యాల బాట ఎట్లుండెనో నీకెరికే, నాకెరికే. ఈ గీత సూడు. వాకిట్ల కూసొని ఏసినట్లున్నది."

అందరూ చూశారు. చిన్నప్పటి నుంచీ వాకిట్లో ముగ్గేస్తున్న మనిషి చెప్పాక చూడకుండా ఉండటం కష్టం. గీతలో ఎక్కడా వణుకు లేదు. చుక్కలు ఒకదాని కింద ఒకటి కుదురుగా ఉన్నాయి. మంచి తీరుబడిగా వేసిన ముగ్గు.

ఈరన్న కారు కింది ఇటుకల వైపు చూశాడు. మానవపాడు దగ్గర పంక్చర్ అయిందన్నాడు. చక్రం మార్చడానికి పొద్దుపట్టిందన్నాడు. ఈ పంక్చర్ సంగతి పిల్ల దినాల్లో లేదు, ఏడాది మాసికంలో లేదు, ఇన్నేళ్ళలో ఒక్క తాగిన రాత్రి కూడా ఆయన నోట రాలేదు. ఇప్పుడొచ్చింది.

"నువ్వు చక్రం మారుస్తుంటే బిడ్డ కాడ ఎవరున్నరు?"

"ఎవరుంటరు. ఒక్కతే ఉండె."

జములమ్మ అప్పుడు ముఖం తిప్పి మొగుడిని చూసింది. కోపం లేదు. అది చూసే అర్చనకు భయమేసింది.

"నేను కొట్లాడుతలేను. ఎందుకాగినవు అని కూడా అడుగుత లేను. బిడ్డ ఏమన్న అన్నదా? నన్ను అడిగిందా? గా ఒక్కటి చెప్పు, దిగుత."

ఈరన్న తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. చెప్పడానికి ఏమీ లేక కాదు, ఏది చెప్పినా ఇంకోటి అడుగుతుందని.

ముందుగా ఉండబట్టలేకపోయింది అరవిందే. ఆ ఇంట్లో ఏనాడూ అతని పుట్టినరోజు చెయ్యలేదు. ఆ వారంలోనే అక్క తద్దినం వస్తుంది, పాయసం వండిన గిన్నెలో పిండం ఎలా వండుతారు. తనెందుకు పుట్టానా అని చిన్నప్పుడు అనుకునేవాడు. ఇప్పుడు పెద్దవాడయ్యాడు గనక పైకే అన్నాడు.

"ఇడిసిపెట్టమ్మా. నేను కడుపుల పడకపోతే నువ్వే ఎంబడి పోతుంటివి. తప్పు నాదే అనుకో, దిగు."

జములమ్మ చెయ్యి చాపి కొడుకు ముంజేతిని పట్టుకుంది. నీ తప్పేం లేదని అనలేదు, ఆ చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు. అరవింద్ చిన్నపిల్లవాడిలా తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

ఈరన్నకు ఇదంతా చూసి తెగింపు వచ్చింది. దేవరాజు వైపు తిరిగి, పని ఆపి కూర్చున్నావేమని గద్దించాడు. గరుకు కాగితం తీసి గీకమన్నాడు. కారు నాది, చెప్పింది చెయ్యమన్నాడు.

"నీ కారే" అంది జములమ్మ. "బిడ్డ నాది. దాని మీద కాగితం పెడితే నా మీదికెళ్లి పెట్టాలె. పాలిష్ కొట్టు దేవరాజన్నా. ముగ్గు ఉన్నదున్నట్లు ఉండాలె."

దేవరాజు ఇద్దరినీ చూశాడు. గరుకు కాగితం తీశాడు, దాన్ని నాలుగు మడతలు పెట్టాడు, జేబులో పెట్టుకున్నాడు. గీకితే గుంట పడుతుందని, చెక్క పాడవుతుందని ఈరన్నకు వినయంగా చెప్పాడు. ఇదే మనిషి పొద్దున, గీతలు పైపైనే ఉన్నాయని, గంట పని అని చెప్పాడు. అది అందరికీ గుర్తుంది. ఎవరూ అనలేదు.

లక్క పాలిష్ పట్టాలంటే ముందు గీతల్లో ఇరుక్కున్న నల్లరంగు పోవాలి. దేవరాజు గోనెసంచి కుట్టే దబ్బనం తెచ్చి, స్పిరిట్‌లో ముంచి, ఒక్కో గీతలోంచీ రంగు లాగడం మొదలుపెట్టాడు. జములమ్మ పీట పక్కకు జరిపి చోటిచ్చింది. మూడో చుక్క దాకా తొందరగానే వచ్చింది. అక్కడి నుంచి కింది భాగంలో రంగు మందంగా ఉంది. పైన ఒక పూత పూసినవాళ్ళు అక్కడ మాత్రం పూత మీద పూత వేసినట్టున్నారని గొణిగాడు. గొణిగాక, అనకూడని మాట అన్నానని తెలిసి నాలిక కరుచుకున్నాడు.

ఈరన్న షెడ్డు గుంజకు ఆనుకున్నాడు.

రంగంతా పోయాక, దూది ఉండను మెత్తటి గుడ్డలో చుట్టి, లక్కలో ముంచి, చెక్క మీద ఒక్క పట్టు పట్టాడు. అంతవరకూ పాలిపోయిన చెక్కలోకి రంగు వచ్చింది. బెల్లం పాకం రంగు. గీతలన్నీ ముదురుగా తేలాయి. ముగ్గు మొత్తం కనబడింది.

మూడో చుక్క దగ్గర లోపలికి పోయి ఇరుక్కున్న గీతను ఎవరో వెనక్కు తీసుకొచ్చారు. బయటి నుంచి తిప్పారు. అక్కడి నుంచి గీత లోతుగా ఉంది, బలమున్న చేతిది. మిగిలిన చుక్కలన్నీ చుట్టి, ముగ్గు పూర్తి చేశారు. గీత మొదలైన చోటికి వచ్చి కలవాల్సింది కలవకుండా కిందికి జారి, వంకరగా చిన్న తోకలా ఆగిపోయింది.

జములమ్మ నవ్వింది.

ఆ నవ్వు ఆమెకు తెలియకుండానే వచ్చింది. ఆ తోకను చూస్తే ఆమెకు చిన్నప్పటి నుంచీ నవ్వొస్తుంది. మల్దకల్‌లో అమ్మగారి వాకిట్లో అక్కచెల్లెళ్ళు ముగ్గులేసేటప్పుడు, సరోజకు ఏ ముగ్గూ చివర కలిసేది కాదు. కలవకపోతే కిందికి లాగి వంపు తిప్పి, ఇది మిరపకాయ, కావాలనే పెట్టిన అని దబాయించేది. అమ్మ తిట్టేది. ఊరంతా సరోజ మిరపకాయ అని వెక్కిరించేవాళ్ళు. నిన్న పొద్దున కూడా ఆమె వాకిట్లో మిరపకాయ ఉంది.

నవ్వు మధ్యలో ఆగిపోయింది.

అత్త ముఖంలో ఏం జరిగిందో అర్చనకు అర్థం కాలేదు. మామ ముఖంలో అర్థమైంది. ఆయన అప్పటికే పెద్దర్వాజ వైపు చూస్తున్నాడు.

జములమ్మ అరవింద్‌ను భోజనానికి పొమ్మంది. దేవరాజుకు అన్నం పెట్టమంది. ఈరన్న పెద్దర్వాజ వైపు కదలబోతే, యాడికి పోకు, ఈడనే కూసో అని, పసిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. ఆయన కూర్చున్నాడు. గోనెపట్టా మీద వేసిన కారు సీటు మీద, ఎండలో.

ఎండ దిగాక సరోజ వచ్చింది. చేతిలో చింతకాయ తొక్కు గిన్నె. అర్చనను పిలుస్తూ లోపలికి పోబోయి, అందరూ షెడ్డు దగ్గరే ఉన్నారని చూసి ఇటు తిరిగింది. ఆ మనిషి ఏనాడూ ఆ షెడ్డు నీడకు రాదు. కారంటే కడుపులో తిప్పుతుందంటుంది. కర్నూలు పోవాలన్నా, జములమ్మ అమ్మవారి జాతరకు పోవాలన్నా బస్సే. దాని మీద ఇంట్లో ఎన్ని పరాచికాలో.

నాలుగు అడుగుల దూరంలో ఆగింది.

"వాము ఎవరు నూరిండ్రు?" అంది.

అర్చన చేతులు రెండూ కడుపు మీదికి పోయాయి.

"రా సరోజా" అంది జములమ్మ లోపలి నుంచి. "వచ్చి నా పక్కన కూసో."

"నాకు కడుపుల తిప్పుతది కదక్కా."

"చక్రాలే లేవు. యాడికి పోదు. కూసో."

సరోజ బావను చూసింది. ఆయన నేలను చూస్తున్నాడు. గిన్నె అర్చన చేతిలో పెట్టి, కొంగు నడుముకు చుట్టుకుని, తలుపు పట్టుకుని వంగి లోపలికెక్కింది. జములమ్మ పీట ఆమెకిచ్చి తను కింద రేకు మీదికి జరిగింది. పీట మీద కూర్చుంటే ముగ్గు సరిగ్గా కళ్ళకెదురుగా ఉంటుంది.

సరోజ చెయ్యి ఎత్తి, తడి ఆరని లక్క మీద, ఆ తోకను వేలితో మూసింది.

"గిది ఇంకా ఉన్నదా" అంది. "గీకేసిన అన్నడే బావ."

దేవరాజు డబ్బాలు వదిలి, ఎవరూ పంపకుండానే లేచి వాకిలి బయటికి వెళ్ళిపోయాడు. అరవింద్ తండ్రినీ చిన్నమ్మనూ మార్చి మార్చి చూశాడు.

నువ్వు మల్దకల్ బస్సెక్కలేదా అని అడగలేదు జములమ్మ. నా మొగుడి కారులో నువ్వెందుకున్నావని అడగలేదు. అవి అడగడానికి ఇంకా చాలా రోజులున్నాయి. చెల్లెలి మోకాలి మీద చెయ్యి వేసి, ఇరవై అయిదేళ్ళుగా అడగాల్సింది అడిగింది.

"బిడ్డ నన్ను అడిగిందా?"

సరోజ తలూపింది.

"గీత ఇరుక్కున్నది. మంచిగ చెయ్యి చిన్నమ్మా, అమ్మ చూస్తది అన్నది. పిన్ను నా చేతిల పెట్టింది. నేను చేసి చూపెట్టేటాల్లకు..."

మిగతా మాట జములమ్మకు అక్కర్లేదు. అమ్మ చూస్తది. పిల్ల ఆఖరి మాట దొరికింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఆ ఏడుపులో సుఖం కూడా ఉందని చూస్తున్న అర్చనకు అనిపించింది.

ఈరన్న లేచాడు. "సరోజా" అన్నాడు. అంతే అన్నాడు. పిలిచినట్టు లేదు, ఆపినట్టుంది.

సరోజ అటు తిరగబోయింది.

జములమ్మ చెయ్యి చాపి కారు తలుపు లాగి వేసింది. పాత తలుపు, గట్టిగా పడింది. రేకుల మీది పావురాలు లేచిపోయాయి. అద్దాల వెనక అక్కచెల్లెళ్ళిద్దరే మిగిలారు.

"ఆయన దిక్కు కాదు" అంది జములమ్మ. "నా దిక్కు జూసి చెప్పు. బిడ్డ పానం మీద ఉంటే, కారు ఎందుకాగింది?"